మునిగే దారం

సీతాలక్ష్మికి భయం పుట్టింటి సారెతో పాటే వచ్చిందని ఆమె అత్తగారు కమలాంబ అంటూ ఉండేది. తంతివాడు సైకిలు గంట కొడితే భయం. గ్యాసు పొయ్యి వెలిగించాలంటే భయం. భర్త కోదండరాం చెయ్యెత్తే మనిషి కాదు, పదేళ్ళ కాపురంలో గట్టిగా అరిచింది కూడా నాలుగైదు సార్లే. అయినా ఆయన కనుబొమలు దగ్గరికొస్తే చాలు, ఆమె అరచేతులు చెమర్చేవి. ఎవరూ కోప్పడకుండా పొద్దు గూకితే ఆ రోజు ఆమెకు పండగే.

అలాంటి మనిషి డెబ్బై ఆరులో భీష్మ ఏకాదశి నాడు ఒక్కతే కొట్లో కూర్చోవలసి వచ్చింది. కోదండరాం వలల బేరానికి గుమాస్తాను వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్ళాడు. కమలాంబ ఉపవాసముండి మేడ మీద పారాయణం చేసుకుంటోంది.

కొట్టు మద్రాసు గోవిందప్ప వీధిలో. తాతల నాటి నుంచీ వలల దారం, మోకులు, గాలాలు అమ్మే కొట్టు. లోపల గోడవార ఒక అద్దాల బీరువా ఉండేది. మౌంటు రోడ్డులో ఒక ఇంగ్లీషు కంపెనీ మూసేసి వెళ్ళిపోతూ మిగిలిన సరుకు తెగనమ్మితే కోదండరాం తండ్రి కొన్నాడు. దొరలు చేపలు పట్టే కర్రలు, రీళ్ళు, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగలు అందులో ఉండేవి. ఎస్సెల్సీ దాకా చదివిన సీతాలక్ష్మికి మధ్యాహ్నాలు పొద్దుపోక ఆ పెట్టెల్లోని ఇంగ్లీషు కాగితాలు చదవడం అలవాటైంది. చేప ముట్టని ఇంటి కోడలికి ఆ బీరువా సంగతులు భర్తకన్నా ఎక్కువ తెలుసు.

కొట్టు తెరిచి అరగంట కాకుండానే ఒక ముసలి జంట లోపలికొచ్చారు. ఆయన తలమీద పాత చొప్పటోపీ, చేతిలో గుడ్డసంచిలో పొడుగాటి కర్ర. ఆమె నుదుట రూపాయంత బొట్టు.

"అమ్మా, ఫ్లై లైను గావాల. దొరల లైను. మీ ఈడనే దొరుకుతాదని చెప్పినారు" అన్నాడాయన.

పేరు భక్తవత్సలం నాయుడు. కూనూరు దగ్గర తేయాకు తోటలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసే రైటరుగా చేశాడు. తోట దొర ఆదివారాలు వాగులో ట్రౌటు చేపలు పడుతుంటే బుట్ట మోస్తూ మోస్తూ తనూ నేర్చుకున్నాడు. దొర సీమకు పోతూ కర్ర ఇచ్చిపోయాడు. ఇప్పుడు మాధవరంలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. దొరిచ్చిన పట్టు లైను తీసి చూస్తే చేతిలోనే పీచులైపోయిందట.

"యాడ పడతారండీ?" అని అడిగింది సీతాలక్ష్మి.

"ఎన్నూరు మొగలో, నీళ్ళు సముద్రంలో కలిసే కాడ. ఆడ కొడువా ఉండాదంట. మనోళ్ళు పండుగప్ప అంటారే, అది."

ఆమె కర్ర అందుకుని పిడి దగ్గర చూసింది. చెరిగిపోతున్న సిరాతో ఎనిమిది అంకె ఉంది. ఈ రకం వేటలో గాలానికి బరువుండదు. ఈకల ఈగ ఏం బరువు తూగుతుంది? విసరగలిగే బరువంతా దారంలోనే ఉండాలి. అందుకే దారాలకు బరువును బట్టి అంకెలుంటాయి.

"కర్ర ఎనిమిదైతే దారం కూడా ఎనిమిదే గావాలండీ. తక్కువదైతే కర్ర వంగదు, ఎక్కువదైతే మొయ్యలేదు. అందులోనూ రెండు రకాలుండాయి. రెండు కొసలా సన్నంగా ఉండేది మెల్లిగా వాలతాది, మీ కొండవాగులకి సరి. ముందు ముప్పై అడుగుల్లోనే బరువంతా ఉండి వెనకంతా సన్నంగా ఉండేది ఎదురుగాలిని కూడా చీల్చుకోని పోతాది. సముద్రం కాడ మీకు ఇదే గావాల."

నాయుడు భార్య వైపు తిరిగాడు. "చూస్తివా మునెమ్మా! దొర కూడా ఇంత చక్కంగా చెప్పలా."

సీతాలక్ష్మి ముఖం వెలిగింది. ఆమెను మెచ్చుకున్నవాళ్ళు తక్కువ.

"సరేనమ్మా, తేలేది గావాలా, మునిగేదా?" అని అడిగాడాయన.

బీరువాలో ఆ రకం ఎనిమిదో నంబరు పెట్టెలు రెండే ఉన్నాయి. ఒకటి నీళ్ళమీద తేలే తెల్లటిది, ఇంకొకటి మునిగిపోయే ముదురాకుపచ్చది. సీమ సరుకు దిగుమతి ఆగిపోయి ఏళ్ళయింది, అవి అమ్ముడైతే ఇక రావు. తేలే దారం పెట్టె మీద కోదండరాం చేతిరాతతో చీటీ ఉంది: 'డాక్టరుగారికి. ఎవరికీ ఇవ్వవద్దు.'

ఈయనకు కావలసింది తేలేదేనని ఆమెకు తెలుసు. కొత్త నీళ్ళు, ముసలి కాళ్ళు, రాళ్ళున్న చోటు, మునిగేదైతే అడుగున చిక్కుకుంటుంది. కానీ ఆ పెట్టె ఇచ్చేస్తే రేపు భర్త కనుబొమలు దగ్గరికొస్తాయి. లేదని పంపిస్తే వచ్చిన బేరం పోగొట్టావంటాడు. నిజం చెప్పడానికి అరనిమిషం పట్టేది. ఆమె నోట మాత్రం ఇంకో మాట వచ్చింది.

"ఆ నీళ్ళకి మునిగేదే మేలండీ. కొడువా అడుగున గదా ఉండేది."

"దొర ఎప్పుడూ తేలేదే వాడేవాడే..."

"వాగు వేరు, మొగ వేరు గదండీ."

అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు ఆమెకే వింతనిపించింది. ఆకుపచ్చ దారాన్ని తన చేత్తోనే ఆయన రీలుకు చుట్టి ఇచ్చింది. ఒంటిగంటకల్లా ఈడికే వస్తానని భార్యకు చెప్పి, టోపీ సర్దుకుని నాయుడు ఎన్నూరు బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు. మునెమ్మ కందసామి గుడికి వెళ్ళి పదకొండింటికి తిరిగొచ్చి కొట్లో బల్లమీద కూర్చుంది.

ఒంటిగంట అయింది. మునెమ్మ మూర మల్లెపూలు కట్టింది. ఒంటిగంటన్నర అయింది.

"చేప పడినట్టుండాది. పడితే ఈయనకి తిండి గూడా గుర్తుండదు" అని నవ్వింది మునెమ్మ.

రెండయింది. ఈసారి ఆమె నవ్వలేదు. వీధి చివరిదాకా నడిచి చూసొచ్చింది.

"ఆయనకి ఈత వచ్చునా అక్కా?" అని అడిగింది సీతాలక్ష్మి, మామూలుగా అడిగినట్టు.

"ఈతా? నీళ్ళంటే ఆయనకి మోకాటి దాకానే ధైర్యం. ఎడమ మోకాలు పడి రెండేండ్లాయ. మెట్లు దిగాలంటేనే నా భుజం పట్టుకుంటాడు."

సీతాలక్ష్మి బల్ల సర్దుతున్నట్టు తల వంచుకుంది. పొద్దున తీసిన ఖాళీ పెట్టె అక్కడే పడి ఉంది. అడుగున నాలుగు మడతల కాగితం. ఆ పెట్టె కాగితం ఆమె ఇంతకుముందు చదవలేదు. విప్పింది. మొదటి పేజీలో బొమ్మలు. రెండో పేజీలో, నల్లగీత గీసిన చదరంలో హెచ్చరిక: నీళ్ళలో నిలబడి విసిరేటప్పుడు, వెనక్కి లాక్కున్న మునిగే దారాన్ని నీళ్ళలోకి జారనివ్వకండి. అది అడుక్కుపోయి కనబడకుండా కాళ్ళకు చుట్టుకుంటుంది. నడుముకు తట్ట కట్టుకుని అందులో పడేలా చూసుకోండి. ప్రవాహముండి, రాళ్ళూ మోళ్ళూ ఉన్నచోట కొత్తవాళ్ళు తేలే దారమే వాడాలి.

మూడుసార్లు చదివింది. మూడోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి. పొద్దున ఆయన చేతిలో తట్ట లేదు. సంచీ, కర్ర, టోపీ, అంతే.

"ఏంది పాపా, అట్ల తెల్లబోయినావు?"

"ఏం లేదక్కా. మనమే పోయి చూసొద్దామా?"

కోదండరాం లేనప్పుడు పట్టపగలు కొట్టు మూయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె తాళం వేసింది. మెట్ల కిందనుంచి "అత్తా, ఇప్పుడే వస్తా" అని ఒక్క కేక వేసి, పైనుంచి జవాబు వచ్చేలోగా వీధిలో పడింది. బోసు రోడ్డులో టాక్సీ దొరికింది.

తండయారుపేట దాటేదాకా మునెమ్మ మాట్లాడుతూనే ఉంది. బస్సు చెడిపోయుంటుందని, ఎవరో తెలిసినవాళ్ళు కనబడుంటారని. తిరువొత్తియూరు దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి ఒక్కొక్క పెట్టె మెల్లగా పోతోంది. మునెమ్మ మాటలు ఆపేసి సీతాలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉందని చూసి, "నీకెందుకమ్మా ఇంత ఆరాటం? పరాయిదానివి. దేవుడే పంపినాడు నిన్ను" అంది. ఆ మాటకి సీతాలక్ష్మికి టాక్సీలోంచి దూకి పారిపోవాలనిపించింది. అబద్ధం ఆడింది తనే. దారం చుట్టింది తన చేతులే. పోలీసులొస్తే కొట్టు పేరు అడుగుతారు. అంతకన్నా ముందు ఈ మనిషి, ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఉన్న మనిషి, తన ముఖం చూస్తుంది. గూడ్సు బండి ఎంతకీ తెగలేదు.

ఎన్నూరు చేరేటప్పటికి మూడున్నర దాటింది. సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. మొగ దగ్గరి కాలవ ఒడ్డున పొన్నమ్మ అనే బెస్తామె గంపలో పీతలు పెట్టుకుని కూర్చుని ఉంది. టోపీ పెట్టుకున్న పెద్దాయన్ని చూశావా అని సీతాలక్ష్మి అరవంలో అడిగితే, చూశానంటూ చేత్తో అవతలికి చూపించింది.

ఎప్పుడో ఉప్పు పడవలు ఆగిన రేవు ఉండేదట అక్కడ. అది కూలి దిమ్మెలు మిగిలాయి. కాలవ మధ్యలో, ఒడ్డుకు నూరు గజాల దూరాన, చివరి దిమ్మె పక్కన చొప్పటోపీ కనబడింది. పక్కనే పొడుగాటి కర్ర గాలిలో అటూ ఇటూ ఊగుతోంది.

"అడుగో! చేపలు పడతా ఉండాడు!" అని మునెమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

పొన్నమ్మ కూడా అదే అంది. ఆటు ఉన్నప్పుడు మోకాటి నీళ్ళలో నడిచిపోయాడని, అప్పట్నుంచి కర్ర ఊపుతూనే ఉన్నాడని, ఇంత ఓపిక మనిషిని చూడలేదని చెప్పింది. ఇప్పుడు పోటు మొదలైందని, ఏకాదశి కదా, అయిదింటికి నిండుతుందని కూడా చెప్పింది.

సీతాలక్ష్మి కళ్ళు చిట్లించి చూసింది. ఫ్లై లైను ఎలా విసురుతారో ఆమె బొమ్మల్లోనే చూసింది. కర్ర వెనక్కి పోయి ఆగాలి, మళ్ళీ ముందుకు రావాలి. ఈ కర్ర ఆగడం లేదు. ఊరికే ఊగుతోంది. టోపీ కింద భుజాలు కనబడటం లేదు.

"ఆయన పిలుస్తా ఉండాడు" అంది. మళ్ళీ అరిచింది. "అయ్యో, ఆయన పడతా లేదు, పిలుస్తా ఉండాడు!"

పొన్నమ్మ కొడుకు ఆనందన్ కొంచెం దూరంలో వల బాగుచేసుకుంటున్నాడు. పాతికేళ్ళవాడు. తల్లి కేకకు లేచి కట్టుమరాన్ని నీళ్ళలోకి నెట్టాడు. ఇంకొక మనిషి కావాలన్నాడు. తను మునిగి చూస్తుంటే ముసలాయన తల నీళ్ళపైన పట్టుకునేవాళ్ళు ఉండాలి. మగవాళ్ళంతా వేటకు పోయారు. పొన్నమ్మ కాలికి కట్టు ఉంది. మునెమ్మ అప్పటికే ఇసుకలో కూలబడిపోయింది.

"నువ్వు రామ్మా, సీక్రం!" అన్నాడు ఆనందన్.

సీతాలక్ష్మి జన్మలో సముద్రంలో పాదాలు తడుపుకోవడానికి మించి దిగలేదు. రాను అనడానికే నోరు తెరిచింది. కాళ్ళు ఎలా కదిలాయో ఆమెకు తర్వాత ఎన్నడూ గుర్తు రాలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ తడి దుంగల మీద బోర్లా పడుకుని, తాళ్ళు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. నీళ్ళు దుంగల సందుల్లోంచి మీదికి చిమ్ముతున్నాయి. ప్రతి అలకూ చచ్చిపోయాననే అనుకుంది.

దగ్గరికి వెళ్ళేసరికి నాయుడికి ఛాతీ దాకా నీళ్ళు. ఎడమ చేత్తో దిమ్మెను కావిలించుకున్నాడు. కుడి చేతిలో కర్ర. పెదాలు నీలంగా ఉన్నాయి.

"కాలు... కాలు రాలేదు. కత్తి పడిపొయ్యింది" అన్నాడు పళ్ళు కొట్టుకుంటూ.

ఆనందన్ నీళ్ళలో దూకి ఆయన నడుం పట్టి ఎత్తబోయాడు. ముసలాయన వేసిన కేకకు ఒడ్డున మునెమ్మ కూడా అరిచింది. ఎత్తిన కొద్దీ దారం బిగుస్తోంది. సీతాలక్ష్మి కట్టుమరం మీదనుంచి వంగి ఆయన చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. కర్ర కొసనుంచి దారం నీళ్ళలోకి దిగి ఉంది. ఆనందన్ దాన్ని చూసి కత్తితో తెంపేశాడు. ఏమీ వదులు కాలేదు. మునిగాడు, లేచాడు. "బురద, ఏమీ తెరియలే" అన్నాడు. మళ్ళీ మునిగాడు. నీళ్ళు నాయుడి గడ్డం తాకాయి. ఒక అల ఆయన నోట్లోకి పోయింది.

ఆ దగ్గు చెవిలో పడేసరికి సీతాలక్ష్మికి ఒక్కసారిగా తెలిసింది.

"అది కాదు! నువ్వు కోసింది ముందుది!" అని అరిచింది. "కాలికి చుట్టుకునింది వెనక్కి లాక్కున్నది. రీలు కాడినుంచి పట్టుకోవాల!"

ఆనందన్‌కు రీలంటే ఏమిటో తెలియలేదు. చెప్పేంత సమయం లేదు. నాయుణ్ణి పట్టుకోమని అతనికి అప్పగించి, ఆమె కర్ర పిడి కింద తడిమింది. రీలులోంచి బయటికొచ్చిన దారం వేలికి తగిలింది. సన్నంగా, పొద్దున తను చుట్టినప్పుడు ఉన్నట్టే. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని నీళ్ళలోకి పోనిచ్చింది. మోచేయి మునిగింది. భుజం మునిగింది. చెంప నీళ్ళకు ఆనింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. దారం ఆయన పంచె మీదుగా దిగి మోకాలి కిందికి పోయింది. అక్కడ ఒక చుట్టు, దానిమీద ఇంకో చుట్టు. రెండూ చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. అక్కడినుంచి గీసినట్టు తిన్నగా వెనక్కి పోయి, దిమ్మెలోంచి పొడుచుకొచ్చిన ఇనుప కమ్మీకి బిగుసుకుంది. కమ్మీ నిండా ఆల్చిప్పలు. ఆమె వేలు కోసుకుపోయింది. వేలు అక్కడే ఉంచింది.

"నా చెయ్యి పట్టుకోని కిందికి రా. నా వేలున్న కాడ కొయ్యి!"

ఆనందన్ ఆమె చేతివెంట కత్తి జార్చాడు. వేలి పక్కనే చల్లటి ఇనుము తగిలింది. పట్టు జారి ఒకసారి, మళ్ళీ ఒకసారి. మూడోసారి దారం ఫట్టున తెగింది. నాయుడు ఒక్కసారిగా తేలి ఆమె మీద పడ్డాడు. టోపీ కొట్టుకుపోయింది.

ఒడ్డుకు తిరిగొస్తున్నప్పుడు ముగ్గురి బరువుకూ కట్టుమరం సగం మునిగే ఉంది. నాయుడి కాలినుంచి రక్తం కారుతోంది. ఆయన తల ఆమె ఒళ్ళో ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని సీతాలక్ష్మికి తెలుసు.

"నాయుడుగారూ, నేను అబద్ధం చెప్పినా. తేలే దారం బీరువాలోనే ఉండింది. వేరేవాళ్ళకని మా ఆయన పెట్టినాడు. తిడతాడని మీకు మునిగేది అంటగట్టినా."

ఆయన లేని టోపీ కోసం తల తడుముకున్నాడు.

"తట్ట కట్టుకోమని దొర ప్రతిసారీ చెప్పేవాడు" అన్నాడు. "అటక మీద ఉండాది. నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి తేలా. పోటు ఎప్పుడొస్తాదని ఎవర్నీ అడగలా. నీ తప్పు నీది, నా తప్పు నాది. మునెమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు. ముందు అన్నం తిననీ."

ఎన్నూరులో ఒక డిస్పెన్సరీలో ఆయన కాలికి పదకొండు కుట్లు వేశారు. సీతాలక్ష్మి వేలికి గుడ్డ చుట్టారు. ఆయన ఆగమన్నాడు గానీ ఆమె ఆగలేకపోయింది. కాంపౌండరు గది బయట బెంచీ మీద మునెమ్మకు మొత్తం చెప్పేసింది. విన్నంతసేపూ మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. అయ్యాక వదిలేసింది. లేచి లోపలికి వెళ్ళి భర్త పక్కన కూర్చుంది. చాలాసేపటికి బయటికొచ్చింది.

"నా కడుపు మండతా ఉండాది" అంది ఆమె ముఖం చూడకుండా. "రేపో ఎల్లుండో చల్లారతాదేమో. ఇప్పుడు నిన్ను ఏమీ అనలేను, మెచ్చుకోనూ లేను. పో పాపా, ఇంటికి పో."

సీతాలక్ష్మి టాక్సీలో ఒక్కతే తిరిగొచ్చింది.

గోవిందప్ప వీధిలో దీపాలు పెట్టే వేళయింది. కోదండరాం ముందే వచ్చేశాడు, మూసిన తలుపు ముందు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తడిచీర, రక్తపు గుడ్డ, ఇసుక పట్టిన జుట్టు చూసి లేచి నిలబడ్డాడు. మేడమీద కిటికీలోంచి కమలాంబ తొంగి చూసింది. భర్త కనుబొమలు దగ్గరికొస్తున్నాయి. ఆమె అరచేతులు యథాప్రకారం చెమర్చాయి.

"కూర్చోండి" అంది. "చెప్పాల్సింది శానా ఉండాది. నడమ కోప్పడితే మరిచిపోతా. అయినాక కోప్పడండి."

కోదండరాం కూర్చున్నాడు.